బకెట్‌లోకి పోయిన పాలు

మా డెయిరీలో రెండు వేల నాలుగు వందల ఆవులున్నాయి. ఒక్కదానికీ పేరు లేదు. చెవికో పసుపు బిళ్ళ, బిళ్ళ మీద నంబరు, అంతే. నేను కూడా వాటికి పేర్లు పెట్టలేదు. అందుకని 2218 అనే ఆవు మీద నాకేదో ప్రేమ పొంగుకొచ్చి తగువు పెట్టుకున్నానని ఎవరైనా అనుకుంటే అది శుద్ధ పొరపాటు. అది నన్ను రెండుసార్లు తన్నింది. రెండోసారి మోకాలు వారం రోజులు వాచింది. పాలిచ్చే ఆవు తన్నినా పడాలంటారు, పడ్డాను. కానీ పాలిస్తున్న ఆవుని చూపించి, ఇది పాలివ్వదు, కబేళాకి తోలెయ్యండి అంటే మాత్రం పడను. నా తగువంతా అదే.

నా పేరు రేణుక. ఇక్కడ అందరికీ రేణు. తిరుపతిలో పశువైద్యం చదివి, పలమనేరు పశువుల ఆస్పత్రిలో నాలుగేళ్ళు డాక్టరుగా చేశాను. పెళ్ళయి కాలిఫోర్నియా వచ్చాక ఆ డాక్టరు నా పేరు ముందు నుంచి ఊడిపోయింది. ఇక్కడివాళ్ళు పెట్టే పరీక్షలన్నీ పాసైతే గానీ ఆ మాట వాడుకోకూడదు. మూడు పాసయ్యాను. ఆఖరిది, పశువుని ఎదురుగా నిలబెట్టి చేయించేది, ఇంకా మిగిలుంది. అందాకా టర్లాక్ దగ్గర ఫ్రాంక్ సిల్వా గారి డెయిరీలో జబ్బు ఆవుల దొడ్డి చూసుకునే టెక్నీషియన్ని. నెలకి రెండుసార్లు వచ్చే డాక్టరు మందు రాస్తాడు, నేను వేస్తాను. అతను నాకంటే ఆరేళ్ళు చిన్న. మంచివాడే. నా కోపం అతని మీద కాదు.

ఇక 2218 సంగతి. ఈని మూడు నెలలైంది. రోజుకి తొంభై రెండు పౌన్ల పాలిచ్చేది. పాలు పితికే హాల్లో ప్రతి యంత్రానికీ ఒక మీటరు ఉంటుంది. ఏ ఆవు ఎంత ఇచ్చిందో ఆ మీటరు కంప్యూటర్‌కి చేరవేస్తుంది. మార్చి మొదట్లో మూడు రోజులు వరసగా దీని పాలు తగ్గాయి. ఎనభై నాలుగు, డెబ్బై ఒకటి, యాభై రెండు. నాలుగో రోజు, ఆరో తారీఖున, ఎడమ వెనక చన్ను పిండితే విరిగిన పాలలా గడ్డలు పడ్డాయి. పొదుగు ఆ పక్క రాయిలా గట్టిపడి, చెయ్యి పెడితే కాలిపోతోంది. పొదుగువాపు. పలమనేరైనా టర్లాకైనా పాడి చేసేవాళ్ళందరికీ తెలిసిన జబ్బే. అది పైకి కనపడేసరికే లోపల రెండు మూడు రోజులై ఉంటుంది. పాలు ముందే తగ్గడం మొదలుపెడతాయి.

దాన్ని నా దొడ్డిలోకి తెచ్చాం. మందు వేసిన ఆవు పాలు ట్యాంకులోకి పోకూడదు. అందుకని జబ్బు దొడ్డిలో మీటర్లు లేవు. చిన్న యంత్రం తగిలించి బకెట్‌లోకి పితికి పారబోస్తాం. పారబోసే పాలని ఎవరూ తూచరు. నేను తూస్తాను. ట్రేసీ ఊళ్ళో ఒక ఇనప సామాన్ల కొట్లో వేలాడదీసే కాటా దొరికింది. రెండు పూటలా బకెట్‌ని దానికి తగిలించి, ఖాళీ బకెట్ బరువు తీసేసి, మిగిలింది నోట్‌బుక్కులో రాస్తాను. పలమనేరులో మా పెద్ద డాక్టరు కృష్ణకుమారి గారి దగ్గర అబ్బిన అలవాటు అది. "జ్వరం తగ్గిందని థర్మామీటరు చెబుతుంది. కోలుకుందని పొదుగు చెప్పాలి," అనేవారావిడ. రైతుల ఇళ్ళకి వెళ్తే చెంబుతో కొలిపించి మరీ రాసుకునేవారు.

2218 నా దొడ్డిలో ఉన్న పదకొండు రోజులూ నేను సెలవు తీసుకోలేదు. "ఇంట్లో పాలు పొంగి స్టవ్ అంతా పారినా నీకు పట్టదు, అక్కడ పారబోసే పాలకి తూకం," అని మా ఆయన రాజీవ్ ఆటపట్టించాడు. నిజమే. ఏం చెప్పను.

నోట్‌బుక్కు తెలుగులో రాస్తాను. ఎందుకని అడిగితే చెయ్యి అలవాటు అంటాను. అసలు కారణం వేరే ఉంది, అదీ చెబుతాను.

జనవరి నుంచి మా డెయిరీలోకి ఒక కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. జబ్బు చేసిన ఆవు ఇక ముందు ఎంత పాలిస్తుందో అదే చెబుతుంది. నలభై అయిదు పౌన్లకి తక్కువని చెప్పిందా, ఆ నంబరు పక్కన ఎర్రచుక్క పడుతుంది. మంగళవారం మంగళవారం కబేళా లారీ వస్తుంది. ఎర్రచుక్క పడ్డవి ఎక్కుతాయి.

మార్చి పదిహేడు మంగళవారం పొద్దున ఎనిమిదింబావుకి ఫోన్‌లో లిస్టు చూశాను. నా దొడ్డిలోంచి ఆరు ఆవులు. అందులో 2218. ఎదురుగా, 'ఇవ్వగల పాలు: 14 పౌన్లు'.

రెండు గంటల క్రితమే దాన్ని నా చేతులతో పితికాను. ముప్ఫై ఆరు పౌన్లు. అది ఒక్క పూటది. ముందురోజు రెండు పూటలా కలిపి డెబ్బై. ఎడమ వెనక చన్ను ఎండిపోయింది, ఈ ఈతలో ఇక అది పనిచెయ్యదు, ఒప్పుకుంటాను. మిగతా మూడూ దాని వాటా కొంత మీద వేసుకున్నాయి. పద్నాలుగెక్కడ, డెబ్బై ఎక్కడ. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది వీళ్ళ వ్యవహారం.

మందు వేశాక ఆగాల్సిన గడువు ముందురోజుతో తీరింది. పాలకి పెట్టిన గడువూ, మాంసానికి పెట్టిన గడువూ రెండూ. అంటే ఆ పొద్దున అది నా దొడ్డి దాటాలి. దొడ్డికి రెండు గేట్లు. ఎడమ గేటు మందలోకి, కుడి గేటు లారీ దగ్గరికి. లారీ పదింటికి వస్తుంది. నేను చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా ఆఫీసుకి నడిచాను.

ఆఫీసంటే ఒక పాత ట్రెయిలర్. ఫ్రాంక్ గారికి అరవై రెండేళ్ళు. అజోర్స్ దీవుల నుంచి వచ్చిన వాళ్ళ తాత పెట్టిన డెయిరీ ఇది. మనిషికొక మాట అన్నట్టు ఒక్కసారే చెబుతాడు, రెండోసారి చెప్పడు. ఆయన ఎదురుగా కాఫీ తాగుతూ శ్యామ్‌సుందర్ గారు కూర్చుని ఉన్నారు.

ఆ సాఫ్ట్‌వేర్ శాంటా క్లారాలో తయారవుతుంది. కంపెనీ తరఫున మా డెయిరీ చూసుకునేది శ్యామ్‌సుందర్ గారే. నలభై అయిదేళ్ళుంటాయి. అంతకు ముందు నుంచే నాకు తెలుసు. మేముండే మౌంటెన్ హౌస్‌లో తెలుగువాళ్ళ ఉగాది సభకి ఆయనే వ్యాఖ్యాత. పోయినేడు పట్టుపంచె కట్టుకొచ్చి, పిల్లలకి మాతృభాష చదవడం నేర్పని తల్లిదండ్రులు ద్రోహులని మైకులో దులిపేశారు. ఆ తర్వాత పిల్లల పద్యాల పోటీకి జడ్జిగా కూర్చుని మార్కులేశారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

"2218 లిస్టులో ఉండకూడదు," అన్నాను ఫ్రాంక్‌తో. ఆయనతో మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే. "నిన్న డెబ్బై పౌన్లు ఇచ్చింది."

ఆయన స్క్రీన్ చూశాడు. "ఇక్కడ పద్నాలుగని ఉంది."

"నిన్నటి పాలు ఆ కంప్యూటర్‌కి తెలీవు. బకెట్‌కి మీటరు లేదు."

ఫ్రాంక్ తల తిప్పి శ్యామ్‌సుందర్ గారి వైపు చూశాడు. ఆయన నవ్వి, మీటరు లేని రోజుల్ని తమ సాఫ్ట్‌వేర్ అంచనా వేసుకుంటుందనీ, అది చాలా అడ్వాన్స్‌డ్ అనీ ఇంగ్లిష్‌లో చెప్పారు. చెప్పి, మొహం మీద అదే నవ్వుతో నా వైపు తిరిగి తెలుగులోకి దిగారు.

"రేణు గారూ, మీ పాయింట్ కరెక్టే. మీ జబ్బు దొడ్డి డేటా మాకు రాదు. లాస్ట్ త్రీ డేస్ ట్రెండ్ తీసుకుని ఎక్స్‌టెండ్ చేస్తున్నాం. అదొక గ్యాప్, నాకు తెలుసు. నెక్స్ట్ రిలీజ్‌లో ఫిక్స్ చేసేస్తాం."

నాకప్పుడు మొత్తం అర్థమైంది. జబ్బు కనపడకముందు మూడు రోజులు పాలు దిగాయి కదా, ఆ దిగిన గీతని పట్టుకుని అలాగే కిందికి లాగేశారు. మందు పడింది, ఆవు కోలుకుంది, గీత మళ్ళీ పైకి లేచింది. అదంతా బకెట్‌లోకి పోయింది. వీళ్ళ లెక్కలో మాత్రం ఆవు ఇంకా దిగుతూనే ఉంది.

"నెక్స్ట్ రిలీజ్ దాకా లారీ ఆగుతుందా అండీ?" అన్నాను.

"ఆరు ఆవులే కదా. టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్‌లో ఆరు. మంత్ ఎండ్‌కి ఈ పైలట్ ప్రాజెక్ట్ అయిపోతుంది. ఫ్రాంక్ ఓకే అంటే ఇంకో ట్వెంటీ డెయిరీస్ వస్తాయి. ఈ టైంలో ఆయన ముందు బగ్ అంటే ఎట్లా చెప్పు. మనలో మన మాట. చెల్లెమ్మా, ఈ ఒక్కసారికి వదిలెయ్."

గారు పోయి చెల్లెమ్మ వచ్చింది. ఈ దేశంలో తెలుగువాళ్ళ నోట ఉన్నట్టుండి చెల్లెమ్మ వినపడిందంటే వెనకాలే ఏదో పని ఉందన్నమాట. ఇంకొకళ్ళ ముందు తెలుగులో మాట్లాడుకుంటే గుసగుస అక్కర్లేదు. మనవాళ్ళందరం చేసేదే, నేనూ చేశాను, కార్ల షోరూంలో, అపార్ట్‌మెంట్ ఆఫీసులో. కానీ ఆ పొద్దున నాకు ఒళ్ళు మండింది. ఎదురుగా కూర్చున్న మనిషి ఆవుల్ని ఆ మనిషికి తెలియకుండా కబేళాకి పంపడానికి మన భాష పనికొచ్చిందా.

"నేను మీ చెల్లెల్ని కాను," అని తెలుగులోనే చెప్పాను. తర్వాత ఫ్రాంక్ వైపు తిరిగి, "ఈయన ఇప్పుడు నాతో ఏమన్నారో చెబుతాను," అని ఇంగ్లిష్‌లో మొత్తం చెప్పాను. ఒక్క ముక్క వదల్లేదు. చెల్లెమ్మ అన్నది కూడా చెప్పాను.

తెలుగులో నేనూ ఒకటి దాచుకున్నానన్న సంగతి ఆ నిమిషాన నాకు గుర్తు రాలేదు.

శ్యామ్‌సుందర్ గారు కాఫీ కప్పు కింద పెట్టారు. "ఆవిడ పెంచి చెబుతున్నారు, ఫ్రాంక్. గ్యాప్ అన్నాను, తప్పని అనలేదు. అయినా డెబ్బై అనడానికి ప్రూఫ్ ఏది? సిస్టంలో ఎక్కడా ఎంట్రీ లేదు."

నేను జేబులోంచి నోట్‌బుక్కు తీసి బల్ల మీద పెట్టాను. అట్ట మీద పేడ మరకలు, ఒక మూల తడిసి ఉబ్బింది. ఫ్రాంక్ తెరిచి రెండు పేజీలు తిప్పాడు.

"ఇదేం రాత?"

"తెలుగు."

"అంకెలు కనపడుతున్నాయి. ఇవి పాలో దాణానో నాకెలా తెలియాలి?"

"నేను చదువుతాను."

ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు. "రాసింది నువ్వు. నువ్వు చదివితే నువ్వు చెప్పదలుచుకున్నదే వినపడుతుంది." నోట్‌బుక్కుని శ్యామ్‌సుందర్ గారి ముందుకి తోశాడు. "నీదీ ఇదే భాష కదా. నువ్వు చదువు. ఇందులో ఇంకేదైనా ఉంటే బాగుండునని కోరుకునేవాడివి నువ్వే. నీ నోటమ్మట వస్తే నమ్ముతాను."

దాణా లెక్క అని ఆయన ఒక్క మాటంటే చాలు. నేను అరిచి గీపెట్టినా అది నా మాటా ఆయన మాటా అవుతుంది, అటు పక్కన కంప్యూటర్ ఉంది. సాయంత్రం అయిదింటికి మళ్ళీ పితుకుతాం, కళ్ళారా చూడండి అందామంటే లారీ పదింటికే వెళ్ళిపోతుంది. గోడ గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది.

శ్యామ్‌సుందర్ గారు చదవలేదు. పేజీ వైపు చూస్తూ కూర్చున్నారు. చెవుల చివర్లు ఎర్రబడ్డాయి.

"రేణు గారూ," అన్నారు చివరికి, తెలుగులో, మెల్లిగా. "నాకు తెలుగు రీడింగ్ అంత... మాది ఇంగ్లిష్ మీడియం. ఇంటర్‌లో మార్కులకోసం సాంస్క్రిట్ తీసుకున్నా. ఎప్పుడో ఫిఫ్త్ క్లాస్‌లో చదవడమే."

ఉగాది ఉపన్యాసం ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకొచ్చి చదివారన్నమాట. నేను చప్పట్లు కొట్టాను. జాలిపడాల్సిన చోటే, పడలేదు.

"కూడబలుక్కుని చదవండి. లారీకి ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది," అన్నాను.

ఆయన వేలు పెట్టి మొదలుపెట్టారు. "మా... ర్... మార్చి... సిక్స్. టూ టూ వన్ ఎయిట్. పొ... పొద్దు... పొద్దున... బ... కె... ట్... బకెట్." ఆగారు. కళ్ళు పెద్దవయ్యాయి. "బకెట్. ట్వెంటీ. సా... యం... త్రం. సాయంత్రం బకెట్, ట్వెంటీ ఫోర్. గ... డ్డ... గడ్డలు... ప... డు..."

వింటూ ఉంటే నాకొక సంగతి తట్టింది. ఉన్నదాన్ని మార్చి చదవాలంటే ముందు వాక్యం ఏమిటో తెలియాలి. ఈయనకి అక్షరం తర్వాత ఏ అక్షరమో తప్ప ముందేం రాబోతోందో తెలీదు. నోట్లోంచి బయటపడ్డాకే ఆయనకీ తెలుస్తోంది. ఇంగ్లిష్‌లోకి తిప్పేటప్పుడైనా మార్చొచ్చు కదా అంటే, చదవగలిగానన్న సంబరంలో ఆ తెలివి రాలేదు. వాక్యం అర్థం కాగానే గబుక్కున ఫ్రాంక్‌కి ఉన్నదున్నట్టు చెప్పేస్తున్నారు. "పొద్దున బకెట్ ఇరవై, సాయంత్రం బకెట్ ఇరవై నాలుగు, పాలల్లో గడ్డలు." చెప్పాక గుర్తొచ్చి నాలిక్కరుచుకుంటున్నారు.

ఫ్రాంక్ ఒక కవరు వెనక పెన్సిల్‌తో రాసుకుంటున్నాడు. నలభై నాలుగు. నలభై ఆరు. నలభై తొమ్మిది. యాభై మూడు. నాలుగో పేజీకి శ్యామ్‌సుందర్ గారి వేలు కాస్త వేగంగా కదిలింది. పన్నెండో తారీఖు పేజీ వచ్చింది. ఆ రోజు నేనేం రాశానో నాకు గుర్తొచ్చి బల్ల అంచు పట్టుకున్నాను.

"సా... ఫ్ట్... వే... ర్. సాఫ్ట్‌వేర్. ఆ... య... న. సాఫ్ట్‌వేర్ ఆయన వ... చ్చి. వచ్చి. గే... టు బ... య... ట. గేటు బయట నుంచే ఫొ... టో... తీ... తీసుకుని పో... యా... డు. బూ... టు... కి పే... డ... అం... టు... తుందని." ఆయన గొంతు తగ్గిపోతోంది. కానీ మొదలుపెట్టిన వాక్యం ఎక్కడ ఆపాలో తెలియక చివరిదాకా వెళ్ళారు. "బకెట్ వై... పు... చూ... డ... నై... నా... లేదు."

ఫ్రాంక్ పెన్సిల్ ఆపాడు.

"ఏమంటుంది?" అన్నాడు ఫ్రాంక్.

శ్యామ్‌సుందర్ గారు పేజీ మీద నుంచి వేలు తీసేశారు. "నేను లోపలికి రాలేదని ఉంది. బకెట్ చూడలేదని."

"చూశావా?"

"లేదు."

ఫ్రాంక్ తలూపి, పెన్సిల్‌తో కవరు మీద తట్టాడు. "ఆఖరి పేజీ."

ఆఖరి పేజీ ముందురోజుది. అది ఆయన బాగానే చదివారు. పొద్దున ముప్ఫై నాలుగు, సాయంత్రం ముప్ఫై ఆరు, మొత్తం డెబ్బై. మూడు చన్నులే. పోయినవి ఇరవై రెండు పౌన్లు, ఈ ఈతలో రావు. ఆవు బాగుంది, మందలోకి పంపవచ్చు. అక్కడితో ఆగుతారనుకున్నాను. వేలు ఇంకా కిందికి, మూలకి జరిగింది.

"డా... క్ట... ర్. డాక్టర్ రే... ణు... క."

ఆ మాటకి అనువాదం అక్కర్లేదు. ఫ్రాంక్ కళ్ళెత్తి నా వైపు చూశాడు.

నోట్‌బుక్కు తెలుగులో రాయడానికి అసలు కారణం అదే. ప్రతి పేజీ కింద, మూలకి, చిన్న అక్షరాల్లో అలా సంతకం పెట్టుకుంటున్నాను రెండేళ్ళుగా. ఇక్కడెవరూ చదవలేరు కదాని. చదవలేరు కాబట్టి తప్పు కాదని నాకు నేను చెప్పుకున్నాను. రోజుకి ఒక్క గీత మీదయినా నేను నేనుగా ఉంటాననుకున్నాను.

శ్యామ్‌సుందర్ గారు పేజీలు వెనక్కి తిప్పారు. ప్రతి పేజీ కిందా అదే. ఆయన మొహంలోకి మళ్ళీ రక్తం వచ్చింది. "ఫ్రాంక్, ఇది లీగల్ ఇష్యూ. లైసెన్స్ లేకుండా డాక్టర్ అని సైన్ చేస్తున్నారు. మీ ఫామ్ రికార్డ్స్‌లో."

భయం వేసింది. ఆఖరి పరీక్ష కళ్ళ ముందు మెదిలింది. ఆ భయంలోంచే కోపం వచ్చింది, నాకెప్పుడూ అంతే.

"రాశాను," అన్నాను. "మా దగ్గర నేను డాక్టర్ని. చదివాను, చేశాను. ఇక్కడ ఇంకా కాను. అందుకే ఇంగ్లిష్‌లో ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. మీ డాక్టరు రాయకుండా ఒక్క సూది నా అంతట నేను వెయ్యలేదు. ఆ ఒక్క మాటకి నన్ను పనిలోంచి తీసేస్తానంటే తీసెయ్యండి. కానీ దాని పైన రాసిన డెబ్బై డెబ్బైయే. నన్ను పంపేస్తే అది పద్నాలుగు అవదు."

నేనే మళ్ళీ అన్నాను.

"ఇంకొకటి. ఆరింటిలో రెండింటి పాలు నిజంగానే పోయాయి. 1906, 3071. వాటికి పొదుగంతా గట్టిపడింది, రోజుకి పదిహేను పౌన్లు దాటలేదు. అదీ అందులోనే రాసుంది, చదివించుకోండి. వాటిని తీసుకెళ్ళండి, గేటు నేనే తీస్తాను. మిగతా నాలుగింటికి మాత్రం కుడి గేటు తియ్యను. ఇంకెవరినైనా పెట్టి తీయించుకోండి."

ఫ్రాంక్ లేచి టోపీ పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగి శ్యామ్‌సుందర్ గారితో, "నువ్వూ రా," అన్నాడు.

దొడ్డిలో 2218 నెమరు వేస్తూ నిలబడి ఉంది. ఫ్రాంక్ ప్యాంటు మోకాళ్ళ దాకా లాక్కుని దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆయన ఒక ఆవు పొదుగు ముట్టుకోవడం ఈ రెండేళ్ళలో నేను చూడలేదు. నాలుగు వైపులా వేళ్ళతో నొక్కి చూశాడు. ఎడమ వెనక చన్ను దగ్గర ఆగి, వదిలేశాడు. కుడి వెనక చన్ను పట్టుకుని రెండు ధారలు అరచేతిలోకి పిండి, వెలుతురుకి పెట్టి చూశాడు. తెల్లగా, చిక్కగా ఉన్నాయి. పితికి నాలుగు గంటలు కూడా కాలేదు. మిగతా మూడింటినీ అలాగే చూశాడు.

గేటు అవతల నిలబడ్డ శ్యామ్‌సుందర్ గారి వైపు చూడకుండానే, "లోపలికి రా. బకెట్ అక్కడుంది, చూడు," అన్నాడు. ఆయన వచ్చారు. తోలు బూట్లు చీలమండ దాకా దిగబడ్డాయి. కాటాకి వేలాడుతున్న ఖాళీ బకెట్ ముందు నిలబడి దాన్ని కాసేపు చూశారు. ఏమనుకున్నారో నాకు తెలీదు.

ఫ్రాంక్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని లేచాడు. "ఎడమ గేటు," అన్నాడు. "నాలుగూ."

నేనే తీశాను. 2218 తొందర పడకుండా నడిచి వెళ్ళింది. పోతూ పోతూ కాలు విదిలించింది కూడా, ఈసారి నేను ముందే జరిగాను. 1906కీ 3071కీ కుడి గేటు తీసింది కూడా నేనే. అది కష్టంగానే ఉంది, కానీ తీశాను.

తిరిగి వెళ్తూ ఫ్రాంక్, "ఆ నోట్‌బుక్కు ఇక నుంచి నేను చదవగలిగేలా ఉండాలి," అన్నాడు.

"పాల లెక్క ఇంగ్లిష్‌లో రాస్తాను."

"ఆ సంతకం వద్దు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు చూస్తే నాకు తలనొప్పి."

"ఇంగ్లిష్‌లో పెట్టను," అన్నాను.

ఆయన నా మొహం వైపు ఒక నిమిషం చూశాడు. ఆయనది రెండోసారి చెప్పే అలవాటు కాదు. చెప్పలేదు. లారీవాడితో మాట్లాడటానికి వెళ్ళిపోయాడు.

శ్యామ్‌సుందర్ గారు కారు దగ్గర టిష్యూతో బూట్లు తుడుచుకుంటున్నారు. టిష్యూ చిరిగిపోతోంది. నీళ్ళ పైపు తెచ్చి ఇచ్చాను.

"రేణు గారూ," అన్నారు తల వంచుకునే. "సాటర్‌డే మన ఉగాది ఫంక్షన్ ఉంది కదా. ఆ రీడింగ్ సంగతి అక్కడ ఎవరికీ..."

"చెప్పను. బకెట్ పాలు మీ లెక్కలోకి వచ్చేదాకా జబ్బు దొడ్డి ఆవులకి ఎర్రచుక్క పెట్టమని ఫ్రాంక్‌కి ఇవాళే రాసి పంపండి. పద్యాల పోటీకి మాత్రం జడ్జిగా కూర్చోకండి." నా మాట నాకే తేడాగా వినపడింది. "పెట్టబోమని రాయండి. పెట్టమని కాదు. కోపంలో నాకూ నోరు తిరగడంలేదు."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు, కానీ పైపు ఆయన చేతిలోనే వదిలి వచ్చాను.

సాయంత్రం అయిదింటికి 2218 మందతోపాటు పాల హాల్లోకి వచ్చింది. మూడు చన్నులకే యంత్రం తగిలించారు. నేను మీటరు దగ్గర నిలబడ్డాను. అంకె ఒకటొకటిగా ఎక్కి ముప్ఫై అయిదు దగ్గర ఆగింది. పన్నెండు రోజుల తర్వాత దాని పాలు మళ్ళీ కంప్యూటర్‌కి తెలిశాయి.

దొడ్డికి తిరిగొచ్చి బోర్లించిన బకెట్ మీద కూర్చుని నోట్‌బుక్కు తెరిచాను. 2218, ఉదయం 36, సాయంత్రం 35, మూడు చన్నులు, మందలో ఉంది అని ఫ్రాంక్ చదవగలిగేలా ఇంగ్లిష్‌లో రాశాను. ఎప్పుడూ సంతకం మూలకి, చీమ తలకాయంత పెట్టేదాన్ని. ఆ రోజు పేజీ మధ్యకి వచ్చి, రెండు గీతలు పట్టేంత పెద్దగా, తెలుగులో పెట్టాను. డాక్టర్ రేణుక.